నాలుగో సంతకం

ఫిబ్రవరి 2

రేపు పొద్దున బయలుదేరుతున్నాం. ఇరవై ఒక్క రోజుల సముద్రం, నలభై అడుగుల తెరచాప పడవ, ఆరుగురు మనుషులు. ఆరుగురిలో ఇద్దరు నడిపేవాళ్ళు, నలుగురు భరించేవాళ్ళు. కెప్టెను మా చెల్లెలు. వంట, తాళ్ళు, మరమ్మతులు, అనవసరమైన హాస్యం మా బావ, అంటే ఆవిడ మొగుడు.

నా మనశ్శాంతి కోసం ఒక విషయం నమోదు చేసుకుంటున్నాను. కెప్టెను నా తోడబుట్టింది కనుక ఈ పడవ సౌకర్యాల పరిశీలనకు నేను తగనని, నేను కార్యదర్శిగా ఉన్న ప్రయాణీకుల సంఘానికి తొమ్మిది పేజీల లేఖ రాశాను. సంఘం దాన్ని చదవకుండానే ఏకగ్రీవంగా తిరస్కరించింది. చిన్న పడవలో మూడు వారాలు కూచోడానికి మరో సభ్యుడు ముందుకు రాలేదు. కార్యదర్శి లేని మూడు వారాల గురించి మాత్రం అందరూ చాలా హుషారుగా మాట్లాడుకున్నారు.

పని చిన్నదే. అవతలి ఒడ్డున రేవు ఆఫీసరు ఒక పత్రం తెస్తాడు. 'ఈ ప్రయాణము సౌకర్యముగా జరిగినదని ధ్రువీకరించుచున్నాము.' కింద నాలుగు గీతలు, నలుగురు ప్రయాణీకులకి. నాలుగూ నిండితే చెల్లెలికి ఈ దారిలో పడవ నడుపుకోడానికి అనుమతి వస్తుంది. ఒక్కటి ఖాళీగా ఉన్నా రాదు. పాత రేవు పడవ అమ్మేసి ఇది కొంది. అనుమతి రాకపోతే ఇదీ అమ్మేసి ఇంట్లో కూచోవాలి. ఇంట్లో కూచోడం దానికి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

నేను ముప్ఫై ఏళ్ళలో 'సౌకర్యముగా' అన్న మాట కింద ఎక్కడా సంతకం చేయలేదు. నా పెళ్ళికి కుర్చీలు అద్దెకిచ్చినవాడు తెచ్చిన కాగితం మీద కూడా చేయలేదు. ఆ కుర్చీలు ఊగేవి. ఆరేళ్ళ క్రితం చెల్లెలి రేవు పడవలో బెంచీల వీపు నిటారుగా ఉందని కొలతలతో సహా వ్యాసం రాశాను. అది బెంచీలు మార్చింది. పదకొండు నెలలు నాతో మాట్లాడలేదు. బెంచీలు మారాయా లేదా అన్నదే ముఖ్యం.

సాయంత్రం బెర్తులు పంచింది. పడవ నడుమన, స్తంభం పక్కన, కిందగా ఉన్న బెర్తు అన్నిటికన్నా మంచిదట. అక్కడ ఊపు తక్కువ. అది నాకు ఇచ్చింది.

"ఎందుకు?" అన్నాను.

"నీకు చిన్నప్పుడు రంగులరాట్నం ఎక్కినా తిప్పేది కదన్నయ్యా."

బంధుప్రీతి అంటే ఇదీ. కెప్టెను అన్నగారికి మెత్తని చోటు, మిగతా జనానికి మిగిలినది. ససేమిరా అన్నాను. మధ్య బెర్తు రిటైరైన పోస్టుమాస్టారికి ఇప్పించి, ఎవరూ వద్దనుకునే ముక్కు బెర్తు, అంటే పడవ ముందు కొసన ఉన్నది, నేను తీసుకున్నాను.

బావ తాడు చుడుతూ నవ్వాడు. "బావగారూ, ముక్కు బెర్తులో మనిషి పడుకోడు. గాల్లో ఉంటాడు."

ఇలాంటి బెదిరింపులు నేను బస్సుల కాలం నుంచీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 3

బయలుదేరాం. గాలి బాగుంది. మధ్యాహ్నం డెక్కు అంచున కూచుని సముద్రాన్ని దగ్గరగా పరిశీలించాను. రెండుసార్లు.

బావ ఒక బకెట్టు తెచ్చి నా పక్కన పెట్టాడు. "పరిశీలనకి ఇది కూడా పనికొస్తుంది బావగారూ."

కడుపులో తిప్పడం అనేది నాకు లేదు. పొద్దున తిన్నది పడలేదు, అంతే.

ఫిబ్రవరి 4

పరిశీలనలు ఆరు.

ఫిబ్రవరి 5

బకెట్టు.

ఫిబ్రవరి 7

ఇవాళ పెన్ను చేతిలో నిలిచింది.

ముక్కు బెర్తు గురించి భావితరాల కోసం రాయాలి. పడవ అల ఎక్కేటప్పుడు పరుపు మనిషిని పైకి మోస్తుంది. అల దిగేటప్పుడు పరుపు ముందు వెళ్ళిపోతుంది, మనిషి వెనకాల వస్తాడు. ఇద్దరూ కలుసుకున్న చోట నడుము ఉంటుంది. నిమిషానికి తొమ్మిదిసార్లు. లెక్కపెట్టాను, వేరే పనేమీ లేక.

ప్రతి బెర్తుకీ పక్కన ఒక గుడ్డ ఉంటుంది. పడుకున్నాక దాన్ని పైకి లాగి కొక్కేలకి కట్టుకోవాలి, దొర్లి పడకుండా. యాభై మూడేళ్ళ మనిషిని ఉయ్యాల్లో పసిపిల్లాడిలా కట్టేయడమేమిటని నేను ఒప్పుకోలేదు. మూడుసార్లు పడ్డాను. నాలుగోసారి ఎడమ బెర్తు టైలరు లేచి వచ్చి నించున్నాడు.

"సార్, మీరు పడ్డ చప్పుడుకి నాకు మెలకువొస్తోంది. నా నిద్ర కోసమైనా కట్టుకోండి."

తోటి ప్రయాణీకుడి నిద్రహక్కును గౌరవించి కట్టుకున్నాను. దెబ్బలకి భయపడి కాదు. టైలరు ఆ గుడ్డకి నా వైపు రెండు జేబులు కుట్టి పెట్టాడు, కళ్ళజోడుకొకటి, బిస్కెట్లకొకటి. జీవితమంతా కూచుని పనిచేసినవాడు. కూచునే ఎక్కడికైనా వెళ్ళాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాడట. మంచివాడు. చైతన్యం తక్కువ.

పోస్టుమాస్టారు ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ సముద్రం అవతలికి ఉత్తరాలు పంపారు. అవి ఎటు పోతాయో ఒకసారి చూడాలని వచ్చారు. మధ్య బెర్తులో వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, చిరునవ్వుతో నిద్రపోతారు. ఆ చిరునవ్వు నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. నాలుగో మనిషి, కుడి బెర్తులో, రిటైరైన పళ్ళ డాక్టరమ్మ. ఎవరు నోరు తెరిచినా ముందు పళ్ళు చూసి, తర్వాత మాట వింటుంది.

స్నానం బకెట్టెడు ఉప్పునీళ్ళతో. చివర్లో రెండు మగ్గుల మంచినీళ్ళు. అన్నం గిన్నెలో, గిన్నె ఒళ్ళో, ఒళ్ళు ఎక్కడుంటే అక్కడ. ఒకసారి తడిసిన బట్ట ఇక ఆరదు. ఉప్పు పట్టి అలా చెమ్మగా బతుకుతుంది. పడవంతా ఊగుతుంటే స్టవ్వొక్కటే నిలకడగా ఉంటుంది, దాన్ని కొక్కేల మీద వేలాడదీశారు కాబట్టి. గిన్నెకి ఉన్న సౌకర్యం మనిషికి లేదు. వ్యవస్థ అంటే ఇదే. ఫిర్యాదుల పుస్తకంలో తొమ్మిదో నంబరు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. 'సర్దుకోండి' అన్న మాట చెల్లెలు ఇంతవరకు అనలేదు. నా ఉద్యమమంతా ఆ మాట మీదే. బస్సులో సర్దుకోండి, రైల్లో సర్దుకోండి, ఆస్పత్రి బెంచీ మీద సర్దుకోండి. సర్దుకుంటూ పోతే మనిషి మూటవుతాడు. ప్రయాణీకుడంటే మూట కాదు, డబ్బిచ్చి ఎక్కిన మూట అసలే కాదు.

చెల్లెలు మాత్రం ఆ మాట అనడం లేదు. పొద్దునే వచ్చి నా బకెట్టు కడిగి పెట్టి వెళ్ళిపోతోంది. దీన్ని ఏ నంబరు కింద రాయాలో తెలియలేదు.

ఫిబ్రవరి 9

ఈరోజు ప్రయాణీకుల తొలి సర్వసభ్య సమావేశం. నలుగురం హాజరు. కోరం ఉంది.

అధ్యక్షుడిగా నన్ను నేనే ప్రతిపాదించుకున్నాను. టైలరు తలూపి బలపరిచాడు. పడవ ఊపితే తల ఊగిందని, మనిషి నిద్రలో ఉన్నాడని పోస్టుమాస్టారి అభ్యంతరం. తల ఊగిందా లేదా. ఊగింది.

తీర్మానం: మధ్య బెర్తు ఏ ఒక్కరి సొత్తూ కాదు. మూడు రోజులకోసారి అందరూ బెర్తులు మారాలి. మధ్యలో ఉన్నవారు ముక్కుకి, ముక్కువారు ఎడమకి, ఎడమవారు కుడికి, కుడివారు మధ్యకి. ఈ వరసలో నాకు మధ్య బెర్తు అందరికన్నా ఆఖరున వస్తుంది. స్వార్థపరుడెవడైనా ఇలాంటి వరస గీస్తాడా.

"నాకు నా బెర్తు బాగానే ఉందండీ" అన్నారు పోస్టుమాస్టారు.

"ఉంటుంది. బాగున్నవాళ్ళందరూ అదే మాట అంటారు."

"మీరే కదండీ నాకు ఇప్పించింది."

"వ్యక్తిగత విషయాలు వద్దు."

డాక్టరమ్మ చెయ్యెత్తింది. "సెక్రటరీగారూ, నాకిప్పుడిప్పుడే కడుపు కుదుటపడింది. వారం పట్టింది. మళ్ళీ కదపడం ఎందుకు?"

స్టవ్వు దగ్గర్నుంచి బావ తల తిప్పాడు. సభ్యుడు కాని వ్యక్తికి మాట్లాడే హక్కు లేదని చెప్పేలోపే మాట్లాడాడు. "అదే నేనూ అనేది. పడవలో మనిషి తన చోటుకి అలవాటు పడతాడు బావగారూ. ఆ ఊపు ఒంటికి తెలుస్తుంది. చోటు మారిస్తే మళ్ళీ మొదటి రోజే."

"అలవాటనేది పాలకుల ఆయుధం" అన్నాను.

"సరే, ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకోండి."

ఓటింగు. పోస్టుమాస్టారు, డాక్టరమ్మ వ్యతిరేకం. నేను, టైలరు అనుకూలం. టైలరు మెలకువగానే ఉన్నాడు, కాని దేనికి చెయ్యెత్తాడో తర్వాత నన్నే అడిగాడు. సమానం కనుక అధ్యక్షుడి అదనపు ఓటుతో తీర్మానం నెగ్గింది. చిన్న పడవల చరిత్రలో బెర్తుల మీద ప్రజాస్వామ్యం ఇదే తొలిసారి అయ్యుండాలి.

ఫిబ్రవరి 10

మార్పిడి పూర్తయింది. మూడు గంటల నలభై నిమిషాలు. పోస్టుమాస్టారి కళ్ళజోడు నా దిండు గలీబులో దొరికింది. నా మేజోళ్ళు డాక్టరమ్మ మందుల పెట్టెలో దొరికాయి. ఆవిడ వాటిని పటకారుతో తీసి ఇచ్చింది.

ఫిబ్రవరి 11

మార్పులో మొదట కొంత ఇబ్బంది సహజం.

ఫిబ్రవరి 12

ఇబ్బంది కొనసాగుతోంది. నలుగురికీ నాలుగు బకెట్లు కావాలి, పడవలో రెండే ఉన్నాయి. ఫిర్యాదు ఇరవై రెండు.

ముక్కు బెర్తు నుంచి పోస్టుమాస్టారి గొంతు వినపడుతూనే ఉంది. "ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క పార్శిల్ని కూడా నేనిలా విసరలేదు. గాజుసామాను అని రాసినవాటిని అసలే విసరలేదు." ఎవరితో అంటున్నారో తెలియదు. గోడతో అనుకుంటాను.

ఎడమ బెర్తు ఊపు వేరు. ముక్కులో మనిషి ఎగిరి పడేవాడు. ఇక్కడ ఇటు నుంచి అటు దొర్లుతాడు. నా కడుపు ఎగరడానికి కొంచెం అలవాటు పడుతూ ఉండగా దొర్లడం మొదలైంది. బావ చెప్పినది నిజమని కాదు. రెండూ ఒకేసారి జరిగాయి, అంతే.

ఫిబ్రవరి 13

రెండో మార్పిడి. ఈసారి ముక్కు బెర్తు డాక్టరమ్మది. సంచి పట్టుకుని వెళ్తూ నా ముందు ఆగింది.

"సెక్రటరీగారూ, మా ఊళ్ళో మందు దొరకని రోజుల్లో మత్తు ఇవ్వకుండానే పళ్ళు పీకేదాన్ని. చెయ్యి ఇంకా వణకడం లేదు."

దీన్ని బెదిరింపుగా రాయాలా, వైద్య సమాచారంగా రాయాలా అని ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 14

బుద్ధిమంతుడు విరిగిపోయాడు.

బుద్ధిమంతుడంటే పడవ వెనకాల రెక్కలా నిలబడే సాధనం. గాలిని బట్టి చుక్కానిని దానంతట అదే తిప్పుతుంది. తిండి అడగదు, ఎదురు చెప్పదు అని బావ దానికి ఆ పేరు పెట్టాడు, నా వైపు చూస్తూ. పొద్దున ఒక పెద్ద అల దాని చెయ్యి తీసుకుపోయింది. బావ కర్రలు కట్టి చూశాడు, తాళ్ళు కట్టి చూశాడు, చివరికి దాన్ని తిట్టి చూశాడు.

"ఇక చేత్తోనే" అంది చెల్లెలు. "నాలుగు గంటలు నువ్వు, నాలుగు గంటలు నేను."

ఇంకా పది రోజుల దారి. ఇద్దరే. పగలూ రాత్రీ.

పోస్టుమాస్టారు నెమ్మదిగా అడిగారు, తాము ఏమైనా సాయం చేయవచ్చా అని. చెల్లెలు స్టవ్వు పైన అంటించిన కాగితం చూపించింది. ప్రయాణీకుల హక్కుల పత్రం. 'నిబంధన నాలుగు: ఏ పరిస్థితిలోనూ ప్రయాణీకునిచే పని చేయించరాదు. చేయించినచో ప్రయాణము సౌకర్యముగా జరిగినట్లు పరిగణింపబడదు.'

రాసింది నేనే. రేవు ఆఫీసు దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించింది. ఆ రోజు నాకు పూలదండ వేశారు.

ఫిబ్రవరి 15

చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిబంధన నాలుగు మరోసారి చదివాను. బాగా రాశాను.

ఫిబ్రవరి 16

ఇవాళ మూడో మార్పిడి చేయాలి, మధ్య బెర్తు నాకు రావాలి. జరగలేదు. ఎందుకో రాస్తాను.

పొద్దున పైకి వెళ్ళి డెక్కు మీద కూచున్నాను, పరిశీలన కోసమే. బావ చుక్కాని కర్ర పట్టుకుని నిలబడి కునుకు తీస్తున్నాడు. గుర్రాలు అలా పడుకుంటాయని చదివాను.

"బావగారూ, ఒక్క నిమిషం దీన్ని పట్టుకోండి. కాఫీ పెట్టుకొస్తా."

"నేను ప్రయాణీకుణ్ణి."

"పట్టుకోమన్నాను, పని చెయ్యమన్లేదు. రైల్లో పక్కాయన సంచి పట్టుకోమంటే పట్టుకోరా?"

"పట్టుకుంటే ఏం చేయాలి?"

"ఆ దిక్సూచి ముల్లు ఈ అంకె దగ్గర ఉండాలి. అటు పోతే ఇటు నెట్టండి, ఇటు పోతే అటు. మీకు ఎదురు నెట్టడం అలవాటేగా."

వెళ్ళాడు. కాఫీ రాలేదు. కాసేపటికి కింద నుంచి గురక వచ్చింది. నేను కర్ర వదిలితే పడవ తిరిగిపోతుంది. వదలకపోతే నిబంధన తిరిగిపోతుంది. ముల్లు అటు పోయింది, ఇటు నెట్టాను. ఎక్కువ నెట్టాను, అటు లాగాను. అల వెనక నుంచి వస్తుంటే కర్ర ముందే బరువెక్కుతుంది. అల రాకముందే చేతికి తెలుస్తుంది. అది తెలిశాక పడవ ఎక్కుతుంటే నేనే ఎక్కించినట్టు, దిగుతుంటే నేనే దించినట్టు అనిపించింది. నిజంగా నేనే దించాను ఒకసారి.

రెండు గంటల తర్వాత బావ వచ్చాడు. "అయ్యో, కళ్ళు మూతపడ్డాయి బావగారూ" అన్నాడు. మొహంలో అయ్యో ఎక్కడా లేదు.

అప్పుడు గమనించాను. నాకు ఆకలి వేస్తోంది. పదమూడు రోజుల్లో ఇదే మొదటిసారి. మూడు గిన్నెలు తిన్నాను. పరిశీలనలు సున్న.

నేను పని చేయలేదు. పట్టుకున్నాను.

ఫిబ్రవరి 17

పొద్దున ఆరు నుంచి పది దాకా పట్టుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా కూడా పట్టుకున్నాను. చెల్లెలు ఐదు గంటలు కదలకుండా నిద్రపోయింది. బావ రెండుసార్లు వెళ్ళి ఊపిరి ఉందో లేదో చూసొచ్చాడు.

ఫిబ్రవరి 18

కుట్ర. నేను చుక్కాని దగ్గర కదలడానికి వీల్లేని సమయం చూసి కింద ముగ్గురూ సమావేశం పెట్టారు. తలుపు తెరిచి, నాకు వినపడేలాగానే పెట్టారు. అది పద్ధతి ప్రకారమే.

"అధ్యక్షుణ్ణి తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను" అన్నారు పోస్టుమాస్టారు.

"బలపరుస్తున్నాను" అంది డాక్టరమ్మ, వాక్యం పూర్తికాకుండానే.

టైలరు మెట్ల దాకా వచ్చి తల పైకి పెట్టాడు. "సార్, మీ ఓటు?"

కోరం ఉంది, ప్రతిపాదన ఉంది, బలపరచడం ఉంది, గైర్హాజరైన సభ్యుణ్ణి అడగడం కూడా ఉంది. ఇంత శుభ్రంగా నడిచిన సమావేశం మా సంఘంలోనే జరగలేదు. అనుకూలంగా వేశాను. ఏకగ్రీవం.

తర్వాత మార్పిడి రద్దయింది. పోస్టుమాస్టారు మధ్య బెర్తుకి, డాక్టరమ్మ కుడికి, టైలరు ఎడమకి. ముక్కు బెర్తు మళ్ళీ నాది. నిద్రపోయాను. గాల్లోనే నిద్రపోయాను.

ఫిబ్రవరి 19

చెల్లెలు తన వంతుకి పది నిమిషాలు ముందే వచ్చి నా పక్కన కూచుంది. చాలాసేపు ముల్లు వైపు చూసింది. ముల్లు సరిగానే ఉంది.

"సంతకం చేస్తావా అని నేను అడగనన్నయ్యా."

"అడక్కు."

"అడగనన్నాగా."

ముల్లు కాస్త అటు పోయింది, ఇటు నెట్టాను.

"ఆ బెంచీలు నిజంగానే బాగాలేవు" అంది. "నాకూ నడుము నొప్పి వచ్చేది."

"మరి పదకొండు నెలలు ఎందుకు మాట్లాడలేదు?"

"నేను పడవలో లేనప్పుడు ఎక్కి కొలుచుకుపోయావు. నేను పేపర్లో చదివి తెలుసుకున్నా. ఒక్క మాట నాతో అనొచ్చుగా, అమ్మాయ్, బెంచీ బాలేదే అని. ఆ సాయంత్రమే మార్చేదాన్ని."

ఇంట్లో చెబితే ఇంటివాళ్ళ ముచ్చటవుతుంది, పేపర్లో రాస్తే ప్రజల సమస్యవుతుంది అని చెప్పాలి నిజానికి. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న మాటే. గాలి మారింది, తెరచాప సర్దాల్సి వచ్చింది. తాడు లాగమంది, లాగాను.

ఫిబ్రవరి 21

ఫిర్యాదుల పుస్తకం ముందు పెట్టుకుని కూచున్నాను. మొత్తం నలభై ఒకటి. ఒక్కోదానికీ కారణం వెతికాను, ఎవరి మొహం చూడకుండా. ఇరవై తొమ్మిదింటికి కారణం ఫిబ్రవరి 9 నాటి తీర్మానం. ప్రతిపాదించింది నేను, గెలిపించింది నా అదనపు ఓటు. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను. సరే, నివేదికలో అంటాను.

కాని మిగతా పన్నెండూ నిజం. మరుగుదొడ్డి పంపు పిడి సరిగ్గా మోకాలి చిప్పకి తగిలేలా పెట్టారు. ముక్కు బెర్తు మీద పైకప్పు కారుతుంది, చుక్క చుక్కా కుడి చెవిలోకి. బకెట్లు రెండే. ఒక మనిషి, అంటే నేను, పదమూడు రోజులు నరకం చూశాడు. 'సౌకర్యముగా జరిగినదని' నేను ఎలా రాస్తాను. రాస్తే రేపు ఎవడో కాంట్రాక్టరు నా సంతకం చూపించి, చూశారా, ఆయనే సౌకర్యమన్నాడు అని ఏ చెక్కబల్లనైనా జనానికి అంటగడతాడు. అబద్ధం చెల్లెలి కోసం ఆడినా అబద్ధమే.

రాయకపోతే దాని పడవ పోతుంది.

మూడుసార్లు రాసి కొట్టేశాను. పైన అది చుక్కాని దగ్గర ఏదో పాడుకుంటోంది. గొంతు ఇప్పటికీ ఘోరంగానే ఉంది.

ఫిబ్రవరి 22

బావ తన వంతుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఒంటికాలి మీద లేచాను. "పనివాడి సమయమంటే ఈ పడవలో విలువ లేదా?"

"ఏ పనివాడు బావగారూ?"

"నేను."

"మొన్నటిదాకా పట్టుకున్నానన్నారు?"

కర్ర బావ చేతిలో పెట్టాను. కిందికి వచ్చి చాలాసేపు కూచున్నాను. చేతులు చూసుకున్నాను. బొబ్బలు చితికి గట్టిపడుతున్నాయి.

ఫిబ్రవరి 24

ఒడ్డు. పొద్దున తొమ్మిదికి కట్టేశాం. నేల కదలకుండా ఉంటే కాళ్ళకి నమ్మకం కుదరడం లేదు.

పదింటికి ఆఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, స్టాంపు జేబులో పెట్టుకుని తిరిగే రకం. బల్ల మీద పత్రం పరిచాడు. చెల్లెలు తాళ్ళు చుట్టాలని పైకి వెళ్ళిపోయింది. ఆ తాళ్ళు అప్పటికే చుట్టి ఉన్నాయి.

డాక్టరమ్మ సంతకం చేసింది. ఆఫీసరు పళ్ళు కూడా చూసింది. టైలరు నాలుక కొరుక్కుంటూ పొందిగ్గా రాశాడు. పోస్టుమాస్టారు పెన్ను పట్టుకుని నా వైపు చూశారు. "ముక్కులో గడిపిన ఆ మూడు రోజులు కెప్టెను తప్పు కాదు" అని, తారీఖుతో సహా సంతకం చేశారు.

పెన్ను నా ముందుకి వచ్చింది.

"నేను చేయను" అన్నాను.

బావ స్టవ్వు తుడవడం ఆపాడు. పైన తాడు చప్పుడు కూడా ఆగింది.

"అంటే సౌకర్యంగా జరగలేదంటారా?" అన్నాడు ఆఫీసరు.

"అది ప్రయాణీకుల్ని అడగండి. ముగ్గురూ చెప్పారుగా. నేను ప్రయాణీకుణ్ణి కాను."

"ఎక్కేటప్పుడు నలుగురు ప్రయాణీకులని రాశారండీ."

"ఎక్కేటప్పుడు. పదిహేడో తారీఖు నుంచి నేను రోజుకి ఎనిమిది గంటలు చుక్కాని దగ్గర పనిచేశాను. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషిని ప్రయాణీకుడంటే అది పనిని అవమానించడం. నన్ను నేను అవమానించుకోను."

"నిబంధన నాలుగు ప్రకారం ప్రయాణీకుడితో పని చేయిస్తే…"

"రాసింది నేనే, నాకు చెప్పకండి. ఎవరూ చేయించలేదు. నా అంతట నేను పనిలో చేరాను. చేరిన క్షణం నుంచి ప్రయాణీకుణ్ణి కాను. ప్రయాణీకుణ్ణి కానివాడికి నిబంధన నాలుగు వర్తించదు. సంఘం తరఫున నివేదిక విడిగా పంపిస్తాను, నలభై ఒక్క ఫిర్యాదులతో, ఎవరి తప్పు ఏదో సహా."

ఆఫీసరు కాసేపు ఆలోచించాడు. "చేతులు చూపించండి."

చూపించాను. వేలితో నొక్కి చూశాడు. తర్వాత సంచిలోంచి మరో పుస్తకం తీశాడు.

"సరే. అయితే మీ పేరు పనివాళ్ళ పట్టీలో ఎక్కించాలి. కాని ఒకటండీ. పడవతో వచ్చిన పనివాడు పడవతోనే వెనక్కి వెళ్ళాలి. ఇక్కడ దిగిపోడానికి వీల్లేదు."

నా చొక్కా జేబులో రేపటి విమానం టికెట్టు ఉంది. సంఘం కొన్నది. కాళ్ళు చాపుకునే చోటెక్కువని ముందు వరసలో సీటు నేనే ఎంచుకున్నాను. ఆరు గంటల్లో ఇల్లు. కదలని మంచం. ఆఫీసరు పెన్ను గాల్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. బావ మొహం తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"రాయండి" అన్నాను.

పత్రంలో నాలుగో గీత కొట్టేసి, పక్కన చిన్న సంతకం చేసి, స్టాంపు వేశాడు. ముగ్గురు ప్రయాణీకులు, మూడు సంతకాలు.

చెల్లెలు మెట్లు దిగి వచ్చింది. పత్రం చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత పట్టీలో నా పేరు చూసింది. ఏదో అంటుందనుకున్నాను. నేనూ జవాబు సిద్ధం చేసుకున్నాను, ఇది దానికోసం కాదు, సూత్రం కోసమని.

"వెనక్కి ఎదురుగాలి అన్నయ్యా. ఇరవై ఆరు రోజులు."

"ఆ ముక్క ముందే చెప్పాలి."

"నువ్వు అడగలేదుగా" అని పైకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద కళ్ళు తుడుచుకుంది. ఉప్పు పడి ఉంటుంది.

ఫిబ్రవరి 25

పొద్దున ఆరింటికి డెక్కు రుద్దుడు. బ్రష్షు పిడి పొట్టిగా ఉంది. గంటకే నడుము పట్టేసింది. పేపరుకి రాద్దామని కాగితం తీసి, శీర్షిక కూడా పెట్టాను. తర్వాత లేచి వెళ్ళి, "అమ్మాయ్, పిడి బాలేదే" అన్నాను.

ఎంత పొడుగు కావాలంది. చెయ్యెత్తి చూపించాను. పది నిమిషాల్లో కొత్త కర్ర బిగించి ఇచ్చింది.

ముప్ఫై ఏళ్ళ ఉద్యమంలో ఫిర్యాదు చేసిన పూటే పరిష్కారమవడం ఇదే మొదలు. నడుము బాగుంది. శీర్షిక కింద ఏం రాయాలో మాత్రం తోచడం లేదు.